మా ఇంటి ముఖాల కొలత

మా ఆయన లోకంలో నమ్మేవి రెండే. ఒకటి జేబులో ఉండే చిన్న స్కేలు, రెండోది వాళ్ల అక్క. ఆ రెండింటికీ చెడిన వారం గురించే ఇప్పుడు నేను చెప్పబోయేది. మధ్యలో నలిగిపోయింది నేను కాబట్టి చెప్పే హక్కు కూడా నాదే.

మాది కళ్లజోళ్ల షాపు. కింద షాపు, పైన ఇల్లు. ముందు గదిలో గాజు బల్ల, ఫ్రేములు తగిలించి గిరగిరా తిప్పే స్టాండు, ఎత్తు పెంచీ దించే గుండ్రటి స్టూలు ఉంటాయి. వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను ఉంటుంది. మా ఆయన కళ్లు పరీక్షిస్తాడు. నేను ఫ్రేములు చూపించి, వంకరలు తీసి, స్క్రూలు బిగించి, "అబ్బ, మీ ముఖానికి ఇదే నప్పింది" అని వచ్చినవాళ్లందరికీ మొహమాటం లేకుండా అబద్ధం చెబుతాను.

మా అమ్మాయికి ఆరేళ్లు. ఆ స్టూలెక్కి తిరగడం మొదలుపెట్టిందంటే స్టూలు అలసిపోవాలే గానీ అది అలసిపోదు. అందుకే ఇంట్లో దాని పేరు బొంగరం. మాటలు తక్కువ. ఉన్న ఆ కాసినీ షాపులో నేర్చుకున్నవే. కళ్లు పరీక్షించేటప్పుడు మా ఆయన ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అని అడుగుతుంటాడు. బొంగరానికి లోకం మొత్తానికీ ఆ ఒక్క ప్రశ్న చాలు. గౌను మారిస్తే అదే ప్రశ్న, దిండు మారిస్తే అదే ప్రశ్న. పక్క షాపాయన రెండో పెళ్లి చేసుకుని కొత్త భార్యను చూపించడానికి మా షాపుకు తీసుకొచ్చాడు. ఆ రోజు బొంగరం ఏమడిగిందో, ఆయన ముఖం ఎలా మాడిందో మీరే ఊహించుకోండి.

ఆ వారం మొదట్లో పిల్లల డాక్టరమ్మ బొంగరాన్ని చాలాసేపు ఆడించి, కదిలించి, గమనించి, మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది, పాపకు ఆటిజం అని. భయపడే మాట కాదంది. పాప లోకాన్ని తన పద్ధతిలో అందుకుంటుంది, మనకు తేలికైనవి కొన్ని తనకు కష్టం, మనకు కనబడనివి కొన్ని తనకు ఇట్టే కనబడతాయి అంది. పాప చదివే స్కూల్లోనే ఇలాంటి పిల్లల కోసం చిన్న తరగతి ఒకటి సోమవారం మొదలవుతుందట. పిల్లలు తక్కువ, గోల తక్కువ, వాళ్ల తీరు తెలిసిన టీచరు ఉంటుంది. ఒకే ఒక్క సీటు మిగిలింది. శుక్రవారం సాయంత్రంలోగా అమ్మా నాన్నా ఇద్దరూ సరేననాలి.

నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే గుండెలో బరువు దిగినట్టూ అనిపించింది. పెద్ద తరగతిలో గంట మోగినప్పుడల్లా బొంగరం చెవులు మూసుకుని బల్ల కింద దూరేది. స్కూలు వదిలాక నేను వెళ్లి ఆ బల్ల కిందినుంచే దాన్ని బుజ్జగించి తెచ్చుకునేదాన్ని. నా పిల్లకు ఆ సీటు కావాలి. అంతకు మించి నాకు ఇంకేమీ అక్కర్లేదు.

మా ఆయన మాత్రం బయటికొచ్చాక స్కేలు జేబులోంచి తీసి, మళ్లీ పెట్టుకుని, "అక్కని అడుగుదాం" అన్నాడు.

మా ఆయన అక్క, అంటే మా వదిన, మాతోనే ఉంటుంది. తమ్ముణ్ణి చేతుల మీద పెంచిన మనిషి. బట్టల ఫ్యాక్టరీలో కుట్టు నాణ్యత చూసే ఉద్యోగం చేసి రిటైరైంది. పోగు ఒక్కటి పక్కకు జరిగినా ఆమె కంటికి దొరికిపోతుంది. ఆమె కుర్చీలో ఇంకొకరు కూర్చోకూడదు. ఆమె కప్పు పిడి కుడివైపుకే ఉండాలి. మంచి మనిషే, కాకపోతే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

వదిన బొంగరాన్ని కిటికీ దగ్గరకు పిలిచి, గడ్డం పట్టుకుని, ముఖాన్ని వెలుగులోకి అటూ ఇటూ తిప్పి చూసింది. ఫ్యాక్టరీలో చొక్కా కాలరు కూడా ఇలాగే చూసేది కాబోలు.

"కళ్లు చూడు, ముక్కు చూడు. చక్కగా కుదిరిన మొహం. ఇందులో ఎక్కడుందిరా ఆ జబ్బు? అలాంటిదేదైనా ఉంటే మొహంలో తెలిసిపోదూ? ఆ డాక్టరమ్మకే కళ్లజోడు కావాలి."

"ఆమెకి కళ్లజోడు ఉందక్కా. మన దగ్గరే చేయించుకుంది" అన్నాడు మా ఆయన.

"అయితే నువ్వు సరిగ్గా చేసుండవు."

"జబ్బు కాదు వదినా" అన్నాను నేను.

"జబ్బు కాకపోతే ప్రత్యేకంగా క్లాసెందుకమ్మా?"

"గొంతు బాగుంటే సంగీతం క్లాసుకి పంపిస్తాం. ఆ గొంతుకి జబ్బనా?"

"నీతో మాటల్లో గెలవడం ఆ దేవుడి వల్ల కూడా కాదు" అని వదిన మూతి ముడుచుకుని కూర్చుంది. కానీ మా ఆయన మనసులో విత్తనం పడనే పడింది. ఉంటే ముఖంలో తెలియాలి. తెలియలేదంటే లేనట్టే.

తెల్లారేసరికి ఆయన ఫోను పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. ఎక్కడో చదివాడట. ఆటిజం ఉన్న పిల్లల ముఖాల్లో కొన్ని గుర్తులు ఉంటాయట. ముఖం పైభాగం వెడల్పు, కళ్ల మధ్య ఎడం ఎక్కువ, బుగ్గల దగ్గర ముఖం పొట్టి, నోరు వెడల్పు, పైపెదవి మీది గాడి కూడా వెడల్పు.

"ఇవన్నీ కొలవొచ్చు" అన్నాడు. ఆ కళ్లలో మెరుపు చూస్తే నాకు భయమేసింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే ఉంది వ్యవహారం. "కొలుద్దాం. ఉంటే ఆ క్లాసుకి పంపిద్దాం. లేకపోతే డాక్టరమ్మ పొరబడిందన్నమాట. సరేనా?"

"సరే కాదు. పిల్ల బల్ల కింద ఎందుకు దూరుతుందో మీ స్కేలు చెబుతుందా?"

"స్కేలు అబద్ధం చెప్పదు."

"పట్టుకున్నవాళ్లు చెబుతారు" అన్నాను. ఊరికే నోటికొచ్చి అన్నమాట. అది నిజమవుతుందని అప్పుడు నాకేం తెలుసు.

మా పనిలో ఒక పద్ధతుంది. కళ్లజోడు చేయాలంటే రెండు కంటిపాపల మధ్య దూరం తెలియాలి. అందుకు మా ఆయన వచ్చినవాళ్లకు ఎదురుగా, ఊపిరి తగిలేంత దగ్గరగా కూర్చుంటాడు. వాళ్ల ముక్కు మీద స్కేలు ఆనించి, తన కన్ను ఒకటి మూసి, "నా ఎడమ కన్నులోకి చూడండి" అంటాడు. తర్వాత "ఇప్పుడు కుడి కన్నులోకి." చూపు కదలకూడదు. సిగ్గరి పెళ్లికొడుకులు పెళ్లికూతురి కళ్లలోకైనా అంత సూటిగా చూసుండరు. ఊళ్లో కళ్లజోడు ఉన్న ప్రతివాళ్లూ మా ఆయన కన్నులోకి చూసినవాళ్లే.

మొదట నన్ను కొలిచాడు. "నువ్వు మామూలే" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు నాకిచ్చిన బిరుదు అది.

తర్వాత ఉత్తరాలు తెచ్చిన పోస్టుమాన్ దొరికాడు. కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత జాగా ఉంది. రొట్టెల షాపావిడ చత్వారానికి అద్దాలు మార్చుకోవడానికి వస్తే ఆవిడ బుగ్గలు కొలిచాడు. పొట్టి ముఖం. స్క్రూ ఊడిందని బ్యాంకు మేనేజరు వచ్చాడు. స్క్రూ బిగించే ముందు ఆయన పైపెదవి మీది గాడిని కొలిస్తే, పాపం, ఆయన నోరు కదపకుండానే "ఇది కొత్త రూలా?" అని అడిగాడు. ఆయన గాడీ వెడల్పే.

"ఏవండీ, మీ లెక్కన వీధి వీధంతా ఆ క్లాసులో కూర్చోవాలి. సీటు ఒకటే ఉంది మరి" అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. అద్దం ముందు నిలబడి తనను తాను కొలుచుకుంటున్నాడు. మిగతావాళ్లందరికంటే ఆయనదే వెడల్పు. ఇక వదిన సంగతి చెప్పక్కర్లేదు. మా షాపులో అడుగు సొరుగులో పెద్ద సైజు ఫ్రేములు కొన్ని ఉంటాయి. వాటిని ఊళ్లో ఎవరూ కొనరు. వదిన ముఖం కోసమే తెప్పిస్తాం. మోడల్ మారిస్తే ఆమె ఊరుకోదు కాబట్టి అన్నీ ఒకే రకం. వదిన ముక్కు మీద స్కేలు ఆనించిన మా ఆయన చాలాసేపు కదల్లేదు.

"ఏమైందిరా? నా మొహానికేం?"

"ఏం లేదక్కా. విశాలంగా ఉంది."

"మనసు విశాలం అంటారు గానీ మొహం విశాలం అంటార్రా ఎవరైనా?"

"మన ఇంటి ముఖమే అంతక్కా. నాన్నదీ ఇంతే, తాతదీ ఇంతే" అని స్కేలు కిందపెట్టాడు మా ఆయన. మామగారి ఫొటో గోడ మీదే ఉంది. అంత వెడల్పాటి ముఖం ఫ్రేములో పట్టక, చెవులు రెండూ అంచుల కింద దాక్కున్నాయి. ఇంకో మనిషైతే అక్కడితో ఆగేవాడు. మా ఆయన ఆగలేదు.

గురువారం మధ్యాహ్నం డాక్టరమ్మే షాపుకు వచ్చింది. కళ్లజోడు ముక్కు మీదినుంచి జారిపోతోందట. నేను దాని చెవుల మీద కూర్చునే కొనలు వంచుతుంటే, మా ఆయన ఫోను తీసి ఆమె ముందు పెట్టాడు. వదిన మెట్ల మీద నిలబడి చెవులు రిక్కించింది.

డాక్టరమ్మ కళ్లజోడు లేకుండానే ఫోను ముక్కుకు ఆనించుకుని చదివింది. నవ్వలేదు. అందుకు ఆమెకు దణ్ణం పెట్టాలి.

"ఇలాంటి పరిశోధనలు ఉన్నాయండీ, లేవనను. చాలామంది పిల్లల ముఖాలు కొలిచి సగటు తీస్తే, కొన్నింట్లో చిన్న చిన్న తేడాలు కనబడ్డాయి. అది గుంపు సంగతి. ఒక పిల్ల మొహం చూసి ఉందనో లేదనో తేల్చడానికి అది పనికిరాదు. మీరు ఊళ్లోవాళ్లందరి పవర్లూ కలిపి సగటు తీసి, ఒకే రకం కళ్లజోడు చేసి అందరికీ పెడతారా?"

"అయ్యో, అందరికీ తలనొప్పులొస్తాయి" అన్నాడు మా ఆయన, నిజంగానే కంగారుపడి.

"ఇదీ అంతే. కొందరు పిల్లలకి ఆటిజంతో పాటు ఇంకేదైనా జన్యు కారణం కూడా ఉంటుంది. వాళ్లలో కొందరికి మొహంలో తేడా తెలుస్తుంది. మిగతా చాలామంది ఎవరిలా ఉంటారో తెలుసా?"

"ఎవరిలా?"

"వాళ్ల అమ్మానాన్నల్లా."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీది ఫొటో వైపు చూశాడు.

"మరి మొహంలో లేకపోతే మీరెలా తెలుసుకున్నారు?" అని మెట్ల మీదినుంచి వదిన అడిగింది.

"పాప ఎలా చూస్తుంది, ఎలా వింటుంది, ఏది తట్టుకోలేదు, దేనితో సంతోషపడుతుంది, ఇవన్నీ చూసి. నేను చూసింది కాసేపే. రోజూ చూసేవాళ్లు మీరు. నాకంటే ముందు మీకే తెలిసుంటుంది."

మా ఆయన ముఖం ఒక్కసారి పాలిపోయింది. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. స్టూలు మీద తిరుగుతున్న బొంగరం, డాక్టరమ్మ కళ్లజోడు పెట్టుకోగానే ఆగి, "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అంది.

"ఇది బాగుంది తల్లీ. ముందుది జారిపోయేది" అంది డాక్టరమ్మ. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పేవాళ్లంటే బొంగరానికి ఇష్టం. స్టూలు దిగి డాక్టరమ్మ చెప్పు మీద ఒకసారి వేలు పెట్టి తీసింది. అంటే ఆమె మా మనిషైపోయినట్టే.

శుక్రవారం ఉదయం టీ దగ్గర మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"కొలిచాను. బొంగరానివి అన్నీ మామూలే. కళ్లజోడు కూడా ఆ కొలతతోనే చేసేశాను. ఆ సీటు వద్దని చెప్పేద్దాం."

బొంగరానికి కొంచెం పవరుంది. ఆ సంగతి ఆయన లైటు వేసి చూసి ముందే కనిపెట్టాడు. కళ్లజోడు చేయాల్సిన మాట నిజమే. కానీ కొలిచిందెప్పుడని అడిగాను.

"నువ్వు బయటికెళ్లినప్పుడు" అన్నాడు, కప్పులోకి చూస్తూ.

"నే చెప్పలా?" అంది వదిన. ఆ మాటతో నా ఒళ్లు మండిపోయింది. డాక్టరమ్మ అంత విడమరిచి చెప్పాక కూడా మళ్లీ స్కేలు దగ్గరికే వచ్చారు అక్కా తమ్ముళ్లు! ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకాలు ఇద్దరూ. నేను మెట్లు దిగి వెనక గదిలోకి వెళ్లాను. మిషను పక్కన చిన్న కళ్లజోడు ఉంది. అద్దాల మీద సిరా చుక్కలు ఇంకా తుడవలేదు. అద్దం నడిమధ్య ఎక్కడో తెలియడానికి పెట్టే చుక్కలవి. పెట్టుకున్నప్పుడు అవి సరిగ్గా కంటిపాపల మీదికి రావాలి.

ముందు గదిలో స్టూలు మీదున్న బొంగరానికి పెట్టాను. చుక్కలు కంటిపాపల మీదికి రాలేదు. కళ్ల బయటి కొసల దగ్గరికి జరిగి, కణతల వైపు చూస్తున్నాయి. బొంగరం కళ్లజోడు తీసి నా చేతిలో పెట్టి, "ముందుది బాగుంది" అంది. ముందు అసలు కళ్లజోడే లేదు దానికి.

ఇద్దరూ నా వెనకే దిగొచ్చారు.

"ఈ కొలత ఎవరిది?" అన్నాను.

మా ఆయన జేబులోని స్కేలు తడుముకున్నాడు.

"ఇంత ఎడం పిల్లకుంటే ఒక కన్ను చెవి పక్కన మొలవాలి. ఎవరిదండీ?"

"నాది. గుర్తున్న అంకె అదొక్కటే" అన్నాడు.

ఆయన నాడా కూడా కొలిచి కట్టుకునే మనిషి. అలాంటిది కన్నకూతురి కళ్లజోడుకు దొంగ కొలత వేశాడు. అదీ తన కొలతే.

"కొలవలేకపోయాను" అన్నాడు, మెట్ల మీద కూలబడి నేల చూపులు చూస్తూ. "ఎదురుగా కూర్చున్నాను. నా కన్నులోకి చూడమ్మా అన్నాను. పైకి చూస్తుంది. స్టాండు వైపు చూస్తుంది. నా చెవి చూస్తుంది. బతిమాలాను. చూడలేదు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ చూడలేదు. ఊళ్లో అందరూ చూస్తారు నా కన్నులోకి. ఇదొక్కతే చూడదు." స్కేలు తీసి పక్కన మెట్టు మీద పెట్టాడు. "డాక్టరమ్మ చెప్పకముందే నాకు తెలుసు. మొహంలో ఏ గుర్తూ లేకపోతే అదంతా అబద్ధమైపోతుందేమోనని..."

ఆ మనిషిని తిట్టడానికి మెట్లు దిగుతూ కూడబెట్టుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో తెలియదు. దగ్గరకెళ్లి ఆయన తల నా పొట్టకు ఆనించుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. దీపం కింద చీకటంటే ఇదే. అందరి చూపూ సరిచేసే మనిషికి ఇంట్లో చూపు అందక, ఇన్నాళ్లు నాతో కూడా చెప్పుకోలేదు.

వదిన గాజు బల్ల మీద ఫ్రేములు సర్దుతోంది. సర్దిందే సర్దుతోంది.

"పేరంటూ పెడితే ఇక పోదురా" అంది మెల్లగా. "చిన్నప్పుడు నన్ను బళ్లో తిక్కది అనేవాళ్లు. గంట మోగితే చెవులు మూసుకునేదాన్ని. బెంచీ మారిస్తే ఏడ్చేదాన్ని. క్లాసు బయట నిలబెట్టేవాళ్లు. వీడికి తెలీదు, అప్పటికి వీడు పుట్టలేదు. దానికి ఆ గతి పట్టకూడదనే నా గోలంతా. మొహం బాగుంది కదా, ఏమీ లేదని బుకాయించేద్దాం అనుకున్నా."

ఇన్నేళ్ల కాపురంలో వదిన నోట ఇలాంటి మాట వినడం అదే మొదటిసారి. ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాను గానీ, చెప్పకుండా ముట్టుకుంటే ఆమెకు పడదు.

"వదినా, తిక్కది అని మీకు ఏ డాక్టరు పేరు పెట్టింది?"

"డాక్టరెక్కడ? పిల్లలే పెట్టారు. టీచర్లు కూడా."

"మీ మొహంలో ఏ గుర్తు చూసి పెట్టారు?"

వదిన ఒక ఫ్రేము తీసి, మళ్లీ అక్కడే పెట్టింది.

"సరైన పేరు మనం చెప్పకపోతే, వంకర పేరు వాళ్లే వెతికి పెడతారు. మీకు పెట్టారుగా. ఈపాటికి బొంగరానికి కూడా ఎవరో పెట్టే ఉంటారు. బల్ల కింద కూర్చున్నది వాళ్లకి మాత్రం కనబడదూ?"

వదిన ఫ్రేములు సర్దడం ఆపింది. అటు పక్క బొంగరం మా ముగ్గురి గొంతులూ పెరిగినందుకు చెవులు మూసుకుని, అలాగే మోచేత్తో స్టాండును తిప్పుతోంది. ఫ్రేముల మెరుపులు గోడ మీద వరసగా పరుగెడుతున్నాయి. వదిన కాసేపు వాటినే చూసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరేయ్, అది నీ కన్నులోకి చూడనప్పుడు నువ్వు దాని ఎదురుగా ఎందుకు కూర్చున్నావ్?"

"మరి కొలత..."

"నేను కూడా ఎవరి కళ్లలోకీ చూసేదాన్ని కాదు. ఇప్పటికీ చూడను. కళ్లలోకి చూస్తే వాళ్లు చెప్పేది నా చెవికెక్కదు. నీ కళ్లలోకి నేనెప్పుడైనా చూశానా? మరి నిన్ను పెంచలేదా?"

మొన్న మా ఆయన ముక్కు మీద స్కేలు ఆనించినప్పుడు వదిన చూసింది ఆయన నుదుటినేమో. ఏళ్ల తరబడి ఆమె కొలత మారలేదని ఆయనా పట్టించుకోలేదు.

"లే. కింద కూర్చో. దాని చూపుకి అడ్డం రాకు. అది దేన్ని చూస్తుందో చూడనీ" అంటూ వదిన స్టాండును గది చివరికి ఈడ్చుకెళ్లి, మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. అన్ని ఫ్రేముల్లోంచీ వెలుగు ఒకే వేగంతో జారుతోంది. కుట్టు నాణ్యత చూసిన చేతులు కదా, ఎక్కడా కుదుపు లేదు.

బొంగరం చెవుల మీదినుంచి చేతులు తీసింది. స్టూలు ఆపుకుంది. స్టాండు వైపు చూసింది. అలా చూడటం మీరు చూసుండరు. రెప్ప కూడా బరువనిపించేంత శ్రద్ధ. మా ఆయన దాని ముందు మోకాళ్ల మీద, ముఖం దాని గడ్డానికంటే కిందకుండేలా కూర్చున్నాడు. చెయ్యి పైకెత్తి దాని ముక్కు మీద స్కేలు ఆనించాడు.

అంకె చెప్పాడు. నేను రాసుకున్నాను. అది ఎక్కువా, తక్కువా, మామూలా అని ముగ్గురిలో ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నానికి కొత్త అద్దాలు అరగదీసి బిగించాడు. ఈసారి చుక్కలు సరిగ్గా కంటిపాపల మీద కూర్చున్నాయి. చుక్కలు తుడిచి మళ్లీ పెట్టాం. బొంగరం స్టాండును చూసింది. వదిన కప్పును చూసింది. గోడ మీది తాతను చూసింది. చివరికి వాళ్ల నాన్న చెవి వైపు చూస్తూ అడిగింది.

"ఇది బాగుందా, ముందుది బాగుందా?"

కళ్లజోడు సంగతే అడిగిందో, ఆ వారం మా ఇంట్లో జరిగినదంతా అడిగిందో, దానికే తెలియాలి. మా ఆయన మాత్రం చాలాసేపు ఆలోచించాడు. షాపులో ఆ ప్రశ్నకు కొందరు చెప్పే జవాబొకటి ఉంది. అది వింటే ఆయనకు చిర్రెత్తుకొస్తుంది, సరిగ్గా చూడకుండా చెబుతున్నారని. ఆ జవాబే చెప్పాడు.

"రెండూ ఒకేలా ఉన్నాయి తల్లీ."

బొంగరం తలూపి స్టూలు తిప్పుకుంది. మా ఆయన స్కూలుకు ఫోన్ చేసి, మా పాప వస్తుందని చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది. ఫోన్ పెట్టేశాక మాత్రం అరగదీసే మిషను దగ్గరికెళ్లి, అరగదీయడానికి ఏమీ లేకపోయినా కాసేపు దాన్ని తిప్పాడు.

మొదటి కొన్నాళ్లు ఇంటి మనిషి ఒకరు తరగతిలో కూడా ఉండాలన్నారు. మేమిద్దరం షాపు వదిలి ఎలా అని తర్జనభర్జన పడుతుంటే, వదిన అప్పటికే బ్యాగు సర్దేసుకుంది. "నా కుర్చీ తీసుకెళ్లొచ్చేమో అడుగు" అంది.

సోమవారం ఉదయం నేను కూడా గేటు దాకా వెళ్లాను. ముందు అత్తా మేనకోడలూ నడుస్తున్నారు. ఇద్దరూ దారిలో పగిలిన పలకలను ఒకే రకంగా దాటుతున్నారు. గేటు దగ్గర ఎవరి తల్లో ఒకావిడ పలకరించింది. ఏ తరగతి అని అడిగితే వదిన చెప్పింది. ఆవిడ బొంగరం ముఖంలోకి వంగి చూసి, జాలిగా నాలుక చప్పరించింది.

"అయ్యో, ఆ క్లాసా? చూస్తే అస్సలు అలా లేదే!"

మా వదిన వారం క్రితం అన్న మాటే అది. మాటలు వేరు, అర్థం ఒకటే. వదిన ఆవిడ కళ్లలోకి చూడలేదు. ఆవిడ కోటు వైపు చూసింది.

"మొహం మీద ఉండేది ముక్కూ మూతీనేనమ్మా. మిగతాది కావాలంటే అడుగు, చెబుతాం. ఇంకోటి, నువ్వు బొత్తాం ఒకటి తప్పించి పెట్టుకున్నావ్. మెడ కింద నుంచీ అన్నీ తప్పే."

ఆవిడ గబగబా బొత్తాలు విప్పి, మళ్లీ పెట్టుకుంది. బొంగరం ఆ కోటును పరీక్షగా చూసి, "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అని అడిగింది.

"ఇదే బాగుంది" అంది ఆవిడ, బొత్తాలు తడుముకుంటూ.

లోపల గంట మోగింది. అత్తా మేనకోడలూ ఇద్దరూ ఒకేసారి, ఒకేలా చెవులు మూసుకున్నారు. గంట ఆగాక ఒకేసారి చేతులు తీసి, లోపలికి వెళ్లిపోయారు.